తోక కింద దిష్టిచుక్క

ఒక ఆటబొమ్మ ఎంత బరువుంటుందంటారు? నాది అరచేతిలో పట్టేంత. దాన్ని చిన్నప్పట్నుంచీ మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇంట్లో చెప్పలేదు, గుళ్ళో దేవుడికీ చెప్పలేదు. ముఖం తెలియని మీకు చెబుతున్నాను. పిరికివాడిని మరి.

తొంభైల్లో మేం పటమటలో అద్దెకుండేవాళ్ళం. పక్క వాటాలో సలీం, వాడి చెల్లెలు నూర్జహాన్, వాళ్ళమ్మ. సలీం నాతోపాటు చదివేవాడు. దుబాయ్‌లో పనిచేసే వాళ్ళ నాన్న ఒకసారి ఎవరిచేతో రోబో డైనోసార్ పంపించాడు. బూడిదరంగుది. కాళ్ళు మడిచి మెడ వెనక్కి తిప్పితే రోబో అయి నిలబడేది. మళ్ళీ మడిస్తే డైనోసార్ అయి నోరు తెరిచేది. కొన్నాళ్ళకే ఆయన అక్కడే పోయాడు. ఆయన చేత్తో పంపిన ఆఖరి వస్తువు అదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే తీశాను.

ఎందుకు తీశాను? ముచ్చటపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తండ్రి పోయిన పిల్లవాణ్ణి చూసి కుళ్ళుకున్నవాణ్ణి ముచ్చటపడ్డాడంటారా?

మా నాన్నకు ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే షెడ్డుండేది. సెలవు రోజున డబ్బాలో మిగిలిన ఆకుపచ్చ రంగు దానికి కొట్టాను. కీళ్ళు పట్టేయకుండా ముందు గ్రీజు రాశాను కూడా. మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. రంగు పూర్తయిన లారీకి వెనక బంపర్ కింద, ఎవరికీ కనపడని చోట, నల్లరంగుతో దిష్టిచుక్క పెట్టందే బయటికి పంపరు. ఆ చుక్కలు పెట్టేది నేనే. డైనోసార్ ఆరాక, అలవాటుపడ్డ చేయి ఊరుకోలేదు. తోక కింద ఒక చుక్క పెట్టేసింది. దొంగసొత్తుకు దిష్టి తగలకూడదని కాబోలు!

అక్కడ వాళ్ళింట్లో నూర్జహాన్‌కి దెబ్బలు పడ్డాయి. చివరగా ఆ బొమ్మతో ఆడింది తనే. వీధిలో ఎక్కడో పారేసి వచ్చిందనుకున్నారు. పక్క వాటాలో కూర్చుని ఆ ఏడుపు విన్నాను.

తర్వాత ఒకరోజు మా ఇంటికొచ్చి ఆకుపచ్చ బొమ్మను చూసింది. తిరగేసి చూసింది. పరిగెత్తుకెళ్ళి అన్నకు చెప్పింది, అది మనదే, రంగేశాడు, తోక కింద లారీలకు పెట్టినట్టు చుక్క పెట్టాడు అని. సలీం వచ్చి అడిగాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేను బాగానే అతికించాను. అదే బొమ్మ కొత్త రంగులో మళ్ళీ వచ్చిందని, మామయ్య మద్రాసు నుంచి తెచ్చాడని, చుక్కా గిక్కా ఏమీ లేదని చెప్పాను. చూపించమని కూడా వాడు అడగలేదు. స్నేహితుణ్ణి కదా. ఇంటికెళ్ళి చెల్లెల్ని తిట్టాడు, పోగొట్టింది చాలక అబద్ధాలు కూడానా అని.

అక్కడితో అయిపోతే మీకు ఇదంతా చెప్పేవాణ్ణి కాదేమో. పిల్లతనం అని సరిపెట్టుకునేవాణ్ణి.

ఏళ్ళు గడిచాయి. షెడ్డు నా చేతికొచ్చింది. నూర్జహాన్ మంగళగిరిలో ఒక చీరల కొట్టులో పనికి కుదిరింది. అక్కడ ఒక చీర కనపడకుండా పోయి, అనుమానం తనమీద పడింది. తను మడిచి బీరువాలో పెట్టానని, కళ్ళారా చూశానని ఇంట్లో మొత్తుకుంటున్నప్పుడు నేనక్కడే ఉన్నాను. “చిన్నప్పట్నుంచీ దీనికిదే అలవాటురా. పోగొట్టుద్ది, కథలు చెప్పుద్ది,” అన్నాడు సలీం.

ఆమె నావైపు తిరిగింది. “అన్నా, ఇప్పుడన్నా చెప్పు. ఆ ఆకుపచ్చ బొమ్మ మాదే కదా?”

ఒక్క అవును చాలు. నోటిదాకా వచ్చింది. కానీ నేనన్నదేమిటో తెలుసా? “రేపు తెచ్చి చూపిస్తానమ్మా.”

ఎందుకంటే అంతకుముందే బీసెంట్ రోడ్డులో ఒక కొట్టు అద్దాల వెనక చూశాను. అదే డైనోసార్, నిజంగానే మళ్ళీ వచ్చింది, నిజంగానే ఆకుపచ్చది. చిన్నప్పుడు నేనాడిన అబద్ధం నాకోసం అక్కడ కూర్చుని ఉంది. మర్నాడు కొన్నాను. షెడ్డులో రెండూ పక్కపక్కన పెట్టి, సరుకు కొనే వ్యాపారిలా పరీక్ష చేశాను. కొత్తదాని ప్లాస్టిక్ తేలిక. దవడ స్ప్రింగు వదులు, మెడ నిలవదు. ఆకుపచ్చ కొంచెం వెలిసినట్టుంది. అచ్చు మాత్రం అదే, గోళ్ళ గీతలతో సహా. ఎమరీ పేపరుతో అంచులు రుద్ది, గ్రీజు పూసి తుడిచి, దాన్ని పాతబొమ్మ చేశాను. చేతిలో పనితనం ఉంటే దేనికైనా పనికొస్తుంది చూడండి.

నూర్జహాన్ దాన్ని చేతిలోకి తీసుకుంది. మడిచింది, విప్పింది. తోక ఎత్తి కింద బొటనవేలితో రుద్దింది.

“చుక్క లేదు,” అంది.

“ఎప్పుడూ లేదమ్మా.”

“మరి నాకెందుకు కనపడిందన్నా?” బొమ్మను నా చేతికి తిరిగిచ్చేసింది. “చీర సంగతీ అంతేనేమో. పెట్టాననుకున్నానేమో.”

మర్నాడు కొట్టుకెళ్ళి, తనే పోగొట్టి ఉంటానని ఒప్పుకుని పని మానేసింది. ఇప్పటికీ ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తుందట. తాళం లాగి చూసినా నమ్మకం కుదరక, ఎదురింటావిడను పిలిచి, వేసే ఉందా అని అడుగుతుందట. సలీం నవ్వుతూ చెబుతాడు. నేనూ నవ్వుతాను.

బొమ్మ దొంగిలించాను, సరే. తన కళ్ళమీద తనకున్న నమ్మకాన్ని ఆమె దగ్గర ఏమని దొంగిలించాను? ఇప్పుడు వెళ్ళి చెబితే తిరిగొస్తుందా? రాదు. వస్తుందన్నా చెప్పగలనా? ఇన్నేళ్ళుగా నన్ను నేను ఎరుగుదును. చెప్పను.

ఇందాక గోనెపట్టాలో చుట్టిన పాతదాన్ని బయటికి తీశాను. రంగు పెచ్చులూడి బూడిదరంగు కనపడుతోంది. గ్రీజు గట్టిపడి కీళ్ళు బిగుసుకుపోయాయి. అది రోబో కాదు, డైనోసార్ కాదు, మధ్యలో ఆగిపోయింది. తిరగేసి చూశాను.

ఉంది. చుక్క ఉంది. నూర్జహాన్ చూసింది నిజం.

ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెప్పాను. ఇంతవరకే నా చేతనయింది.