రేకులు పేర్చే వరస

“రాసుకో అమ్మాయ్, ముందు ఇదే రాసుకో. నేనేం మంచిదాన్ని కాదు. నీ పత్రికలో ఆ పేజీ పైన ప్రతిసారీ ‘మన ఊరి మణిపూస’ అని పెడతావే, నా దగ్గరికొచ్చేసరికి ఆ ముక్క కొట్టెయ్.”

“కొట్టేస్తే పేజీ బోసిగా ఉంటుందండీ,” అన్నాను.

“ఉండనీ. బోసిగా ఉంటే ఎవరూ చచ్చిపోరు. బిస్కెట్టు తీసుకో. ఒకటి కాదు, రెండూ ఇప్పుడే తీసుకో. మళ్ళీ డబ్బా మూత పెట్టేస్తాను.”

డోరీన్ ఫ్రాగాట్ గారికి ఎనభై ఒక్క ఏళ్ళు. డెర్బీషైర్ కొండల్లో ఉన్న మా థార్న్‌లో ఊళ్ళో, చర్చి వెనక వరసలో చివరి రాతి ఇల్లు ఆవిడది. భర్త కెన్ సున్నపురాతి క్వారీలో పనిచేసి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని పదకొండేళ్ళ కిందట పోయాడు. ఆవిడ ముప్పై ఒక్కేళ్ళు ఊరి బడిలో వంట చేసింది. ఈ ఊళ్ళో ముప్పై దాటినవాళ్ళలో ఆవిడ గరిటె కింద పళ్ళెం పట్టనివాళ్ళు లేరు. శుక్రవారం చేప వదిలేసి లేవబోతే భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టేదట. ఇప్పటికీ బస్టాపులో బట్టతల మగాళ్ళు ఆవిణ్ణి చూడగానే జేబుల్లోంచి చేతులు తీసేస్తారు.

చర్చి పత్రిక తెచ్చే పని నాది. ఎనిమిది పేజీలు, నెలకొకసారి. జూన్‌లో ఊటబావిని పూలపలకలతో అలంకరించే బావుల పండగ ముందు వచ్చే సంచికలో ఊరి పెద్దవాళ్ళలో ఒకరి జీవితం వేస్తాం. ఈసారి మీది వేస్తానంటే ఆవిడ మూడు వారాలు తప్పించుకుంది. బట్టలు ఆరేసుకోవాలంది, పిల్లికి ఒంట్లో బాగాలేదంది. ఈ బుధవారం పొద్దున తనే ఫోన్ చేసి రమ్మంది.

“క్లిఫ్ ఇల్లు అమ్మేశాడట, విన్నావా?”

“విన్నానండీ. శుక్రవారం సామాను లారీ వస్తుందట. సముద్రపొడ్డున స్కెగ్‌నెస్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారట.”

“సముద్రమంటే పడదు వాడికి. ఇసుక శాండ్‌విచ్‌లో పడుతుందని జన్మంతా సణిగినవాడు, పోయి పోయి ఇసుకలో ఇల్లు పెడుతున్నాడు.” ఆవిడ టీ కుండ మీద కప్పిన ఉన్ని తొడుగు తీసి, నాకు ఇంకాస్త టీ పోసింది. “నా మూలంగా పోతున్నాడు. నువ్వు రాయాల్సింది అదీ. మిగతాదంతా దానికి తోక.”

క్లిఫ్ హీత్‌కోట్ నాకూ తెలుసు. కెన్‌తో పాటు క్వారీలో రాళ్ళు పగలగొట్టిన మనిషి, పొడుగ్గా, కాస్త వంగి నడుస్తాడు. కానీ ఆయనకీ ఈవిడకీ మధ్య ఏం జరిగిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మాటలు తగ్గాయని మాత్రం తెలుసు. మొదట్నించీ చెప్పమన్నాను.

“మొదలంటే మా అమ్మే. ఏడో ఏట నన్ను తీసుకెళ్ళి బావుల పండగ పలక ముందు కూర్చోబెట్టింది. తలుపంత చెక్కపలక, దాని నిండా ఉప్పు కలిపి తొక్కిన బంకమన్ను, మన్ను మీద సూదితో పొడిచిన బొమ్మ. గీతల వెంట ఎండిన చిన్న చిన్న నల్లటి కాయలు గుచ్చాలి, లోపలంతా పూలరేకులు అద్దాలి. ఇదంతా నీకు తెలిసిందే. వరస తెలుసా నీకు?”

“కిందనుంచి పైకి కదండీ.”

“ఆఁ. ఇంటికి పెంకులు నేసినట్టు. పై రేకు అంచు కింది రేకు మీద పడాలి. అప్పుడు వాన జారిపోతుంది. తిరగేసి పేర్చావనుకో, ప్రతి రేకు కిందకీ నీళ్ళు దూరతాయి. మన్ను నానిపోతుంది. నేనొక రేకు తిరగేసి పెట్టానని మా అమ్మ చెంచాతో వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. ఏడేళ్ళ పిల్లని! ఆ దెబ్బకి డెబ్భై ఏళ్ళు తప్పు చెయ్యలేదు.”

తల్లి తర్వాత ఆ పలకలు ఇరవై ఎనిమిదేళ్ళు ఈవిడ చేతిలోనే ఉన్నాయి. ఏటా మూడు రోజులు ఊరి హాల్లో నడుములు వంచి రేకులద్దడం, నాలుగో రోజు ఆ పలకల్ని ఊటబావి మీద నిలబెట్టడం, పాస్టరుగారు దీవించడం. ఆ ఏళ్ళన్నిట్లో, అంతకు ముందు తల్లి కాలం నుంచీ కూడా, మన్ను తొక్కింది క్లిఫ్. ఇంటి వెనక పాత ఇనుప స్నానాలతొట్టి పెట్టుకుని, లాగు మోకాళ్ళదాకా మడిచి, ఒట్టి కాళ్ళతో ఒక పూటంతా తొక్కేవాడు.

“‘కాళ్ళు కడుక్కున్నావా’ అని అడిగేదాన్ని. ‘పోయిన ఈస్టరుకి కడుక్కున్నానుగా డోరీనమ్మా’ అనేవాడు. ఏటా అదే మాట. ఏటా నవ్వేవాళ్ళం, సిగ్గులేకుండా.”

కెన్ పోయాక ప్రతి ఆదివారం ఒంటిగంటకి క్లిఫ్ ఈ బల్ల దగ్గర భోజనం చేసేవాడు. కాల్చిన గొడ్డుమాంసం, బంగాళాదుంపలు, ఓవెన్లో పిండి పొంగించి చేసిన యార్క్‌షైర్ పుడ్డింగులు, పైన గ్రేవీ. తన పెరట్లో కోసిన పుల్లటి రూబార్బు కాడలు కట్టగా కట్టి తెచ్చేవాడు. గ్రేవీ పల్చగా ఉందని ఆయన, తినేవాడివి తిను అని ఈవిడ. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి.

“అప్పుడొచ్చింది ఇమోజెన్,” అంది.

ఇమోజెన్ లండన్ నుంచి వచ్చి, మూతబడ్డ మా బడి భవనం కొనుక్కుని అందులో ఉంటోంది. మంచి మనిషే. ఆ మాటే అన్నాను.

“మంచిదే, ఎవరు కాదన్నారు? నేను కస్టర్డు కాచిన చోట వాళ్ళ స్నానాలగది కట్టుకుంది. నేనేమన్నా అన్నానా? మూడేళ్ళ కిందట, మార్చిలో బావుల పండగ మీటింగు పెట్టి, ‘డోరీన్ గారూ, మీరు మా అందరికీ ఒక నిధి అండీ, ఇంక మిమ్మల్ని శ్రమపెట్టకూడదనుకుంటున్నాం’ అంది. శ్రమగా ఉందని నేను ఎవరితో అన్నాను? గౌరవాధ్యక్షురాలిని చేశారు. చప్పట్లు. నేను కూడా, ‘అబ్బే, మీరంతా ఎంత మంచివాళ్ళు’ అని నవ్వాను. ఇంటికొచ్చి ఓవెన్ తోమాను. అంతకు ముందురోజు తోమిన ఓవెనే.”

గౌరవాధ్యక్షురాలి పనేమిటో జూన్‌లో తెలిసింది. హాలు పక్క వంటగదిలో టీ కాచి, కిటికీలోంచి కప్పులు అందించడం. పలక ఈవిడ కళ్ళెదురుగానే ఉంది. తప్పిపోయిన గొర్రెను భుజాన వేసుకున్న కాపరి బొమ్మ. పని తెలిసినవాళ్ళలో కొందరు పోయారు, కొందరు ఈవిణ్ణి తప్పించాక రావడం మానేశారు. మన్ను తెచ్చిచ్చి క్లిఫ్ ఇంటికి వెళ్ళిపోయాడు.

“మొదటిరోజు పొద్దున్నే చూశాను. ఆకాశం నుంచి మొదలెట్టారు. పైనుంచి కిందకి! చొక్కా చేతులు తగిలి కింద అద్దినవి చెదిరిపోకుండా ఉంటాయట. వినడానికి ఎంత తెలివైన మాటో చూడు. ఇమోజెన్ టీకొచ్చి, ‘ఎలా ఉందండీ?’ అని అడిగింది.” ఆవిడ వేలితో నా కాగితాన్ని తట్టింది. “ఇక్కడ జాగ్రత్తగా రాసుకో. ‘చాలా బాగుందమ్మా’ అన్నాను.”

నేను రాయడం ఆపాను. “చెప్పాలనిపించలేదా?”

“అనిపించకేం. నోటిదాకా వచ్చింది. పంచదార ఎన్ని చెంచాలని అడిగాను. మూడు రోజులు అలా టీ పోస్తూ, ఆ తప్పు జానెడు జానెడు కిందకి దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. వాన రావాలనుకున్నాను అమ్మాయ్. దేవుణ్ణి అడగలేదులే, అంత దాకా పోలేదు. రేడియోలో వాతావరణం విన్నాను. రోజుకి రెండుసార్లు విన్నాను.”

ఆ శనివారం నేనూ బావి దగ్గరే ఉన్నాను. బ్యాండువాళ్ళు బాకాల్లోంచి వాననీళ్ళు ఒంపుకుంటున్నారు. పాస్టరుగారు గొడుగు కింద దీవెన మొదలుపెట్టేసరికి కాపరి గడ్డం జారింది. వెనకే బొమ్మలోని ఆకాశమంతా ఒకే ముద్దగా ఊడి, గొర్రెను తోసుకుంటూ వచ్చి పాస్టరుగారి బూట్ల మీద పడింది. ఎవరూ నవ్వలేదు. అందరం ఆమెన్ అన్నాం. తర్వాత హాల్లోకి వెళ్ళి, స్కోన్ రొట్టెల మీద జామ్ రాసుకుంటూ, పర్వాలేదులే, రేకులేగా అని ఒకరికొకరు చెప్పుకున్నాం. ఇమోజెన్ మాత్రం మరుగుదొడ్డిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

“తర్వాత మీటింగులో, ‘మన్ను కాస్త పల్చబడిందేమోనని అనుమానం. ఎవరినీ వేలెత్తి చూపడం కాదు సుమండీ’ అంది. వేలెత్తి చూపడం కాదనగానే ముప్పైమందీ క్లిఫ్ వైపు చూశారు. నలభై నాలుగేళ్ళు తొక్కినవాడి వైపు. తర్వాత నా వైపు తిరిగారు. మన్ను సంగతి తెలిసినదాన్ని నేనేగా. క్లిఫ్ కూడా చూశాడు, టోపీ చేతిలో పట్టుకుని. వాడికి తెలుసు. ఆదివారం పొద్దున్నే బావి దగ్గరికి వెళ్ళి, పడ్డ ముద్దలు తిరగేసి చూశాడు. రేకులు ఏ వరసలో ఉన్నాయో వాడికి తెలుసు.”

“మీరేమన్నారు?”

“‘ఆవేళ వాన కూడా గట్టిదేలెండి’ అన్నాను.”

బయట ఎవరో చెత్తబుట్ట ఈడ్చుకుంటూ వెళ్ళారు. ఆవిడ బిస్కెట్ల డబ్బా మూత బిగించింది.

“ఆయనే చెప్పొచ్చుగా, వరస తప్పని?” అన్నాను.

“చెప్తే? నెపం నెట్టేస్తున్నాడంటారు. అంతే కాదు. వరస తప్పని వాడంటే, మరి డోరీన్ ఆ కిటికీ దగ్గరే ఉందిగా, చూడలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని నోరు మూసుకున్నాడు. నన్ను కాపాడాడు, వెధవ.”

ఆ మీటింగు తర్వాత వచ్చిన ఆదివారం ఈవిడ మామూలుగానే ఇద్దరికి వండింది. ఒంటిగంట అయింది, ఒకటిన్నర అయింది. పుడ్డింగులు చల్లారి కుంగిపోయాయి. ఏడు ఆదివారాలు అలా ఇద్దరికి వండి, ఎనిమిదో ఆదివారం గుడ్డు ఉడకబెట్టుకుంది. మరుసటి ఏడు క్లిఫ్‌ను ఎవరూ పిలవలేదు. స్టోక్ పట్నం నుంచి ప్లాస్టిక్ సంచుల్లో తయారు మన్ను వచ్చింది. అప్పటికి ఇమోజెన్ ఎక్కడో చదివి వరస కూడా నేర్చుకుంది. కిందనుంచి పైకి పేర్చారు. బొమ్మ వారం రోజులు చెక్కుచెదరలేదు.

“చెదరకపోతే మనవాళ్ళేమన్నారో గుర్తుందా? ‘చూశారా, మంచి మన్ను కొంటే ఎలా ఉందో!’ వాడు దుకాణంలో రొట్టె కొంటుంటే వాడి ఎదురుగానే అన్నారు.”

నాకు గుర్తుంది. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఆవిడతో చెప్పాను.

“తెలుసు. అందుకే నిన్ను పిలిచాను.”

“మీరు ఆయన దగ్గరికి వెళ్ళలేదా?”

“రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి ఎండ గురించి మాట్లాడి వచ్చాను. ఇంకోసారి, సోమవారం సెలవొచ్చి చెత్తబండి రోజు మారింది కదా, బుట్టలు ఏ రోజు బయట పెట్టాలని అడిగి వచ్చాను. గురువారమని చెప్పాడు. తలుపు సగమే తీశాడు.”

రాసినంతవరకు చదవమంది. చదివాను. ఒకచోట నేను కాస్త మెత్తగా రాసుకున్నాను: ‘వయసు మీద పడి, ఆ సమయంలో ఆవిడ చెప్పలేకపోయింది.’

“వయసేంటి? నా వయసు నీకేం చేసింది? కొట్టెయ్.”

“మరేం రాయమంటారు?”

“కుళ్ళు. కుళ్ళుబోతుతనంతో చెప్పలేదని రాయి. ఇరవై ఎనిమిదేళ్ళ పని చేతిలోంచి లాక్కుని నాకు టీ కెటిల్ ఇచ్చారు. వాళ్ళ బొమ్మ కూలిపోతే చూడాలనుకున్నాను. కూలింది. క్లిఫ్ మీద కూలింది. అలా రాయి.”

అలాగే రాశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ వాక్యం తనే మరోసారి చదువుకుంది.

“ఇది అచ్చయితే ఊళ్ళో ఏమంటారోనండీ,” అన్నాను.

“ఏమంటారు? ఈ ఊళ్ళో ఎవరన్నా ఏమన్నా అంటేగా! నన్ను చూస్తే కాస్త ఎక్కువ మర్యాదగా ఉంటారు. తలుపు పట్టుకుని నిలబడతారు. అదే నాకు భయం.”

పత్రిక ఆదివారం గాని రాదని, అప్పటికి క్లిఫ్ గారు ఇక్కడ ఉండరని గుర్తుచేశాను. ఆవిడ అప్పటికే లేచి, కొక్కెం మీదనుంచి నా కోటు తీసింది.

“అందుకే ఇప్పుడే వెళ్ళు. ఇంట్లోనే ఉంటాడు, పెట్టెలు సర్దుకుంటూ. టీ పెడతానంటాడు, వద్దను. టీ నోట్లో పడితే మనవాళ్ళకి అన్నీ సర్దుకుపోతాయి. గుమ్మంలో నిలబడే చదువు. వాడికి ఎడమ చెవి వినపడదు, కుడిపక్కకి జరిగి చదువు. మీటింగులో నేను ఏమన్నానో ఆ చోట గబగబా పోనీకు. చదివాక కాగితం వాడి చేతిలో పెట్టెయ్, పత్రికకి మళ్ళీ రాసుకుందువుగాని.”

కోటు తొడుక్కున్నాను. గుండీలు పెట్టుకునే దాకా ఆగలేదు, తలుపు తీసి పట్టుకుంది.

“వాడేమన్నాడో మాత్రం నాకొచ్చి చెప్పొద్దు. వెళ్ళు, అమ్మాయ్.”