మజ్జిగ ఇంకా రాలేదు

నాకు రాస్తారోకోలంటే ఒళ్లు మంట. బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని. ఎవరో ఒకరు రోడ్డుకి అడ్డం కూర్చోవడం, ఆగిపోయిన సిటీ బస్సులో నేను ఉడికిపోవడం చిన్నప్పటినుంచీ ఉన్నదే. అలాంటిది మా అత్తగారే రోడ్డెక్కారు.

వరదకి మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చి, ఆవిడ మేడ మీద తడుస్తూ కూర్చున్నాక మొదలైందిది. బొగ్గు కాల్చినకొద్దీ ఇలాంటి వానలు ఎక్కువవుతాయని పక్క వీధి కాలేజీ అమ్మాయిలు ఆవిడకి చెప్పారు. కొండపల్లి దగ్గరున్న బొగ్గు యార్డుని ఇంకా పెంచబోతున్నారట, లారీల్ని ఆపాలన్నారు. ఆ యార్డులో సూపర్‌వైజరు మా ఆయనే. ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది. నేనా సంగతి గుర్తుచేస్తే అత్తగారు విననట్టే చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నారు.

విదేశాల్లో అరచేతులు రోడ్డుకి జిగురుతో అంటించుకుంటారట, మనమూ అలాగే చేద్దామని ఆ పిల్లల ఆలోచన. అత్తగారు వాళ్లకి కాఫీలిచ్చి, "జిగురెందుకమ్మా, తోలు ఊడొచ్చుద్ది. విస్తళ్లేద్దాం. అన్నం తినేవాళ్లని ఎవరు లేపుతారు?" అన్నారు.

వంటావార్పు మనకి కొత్త కాదు. రోడ్డు మీద పొయ్యి పెట్టి, వండుకు తిని, ఫొటో దిగి ఇళ్లకి పోతారు. అత్తగారి తెలివంతా వడ్డనలో ఉంది. యార్డు గేటు ముందు రోడ్డుకి అడ్డంగా భోజనాల బంతి వేయించి, తనూ అందులో కూర్చున్నారు. అంబులెన్సుకి ఓ పక్క దారి వదిలారు. లారీలు ఆగిపోయాయి. సీఐ గారొచ్చి లేవమంటే, మజ్జిగ అవగానే లేస్తామండీ అన్నారు అత్తగారు. ఆయన తలూపి జీపు నీడలో నిలబడ్డారు. విస్తరి ముందున్న మనిషిని రెక్క పట్టుకు లేపడానికి కానిస్టేబుళ్లకీ చేతులు రాలేదు.

పప్పు తిరిగింది. గుత్తివంకాయ, పులుసు, మళ్లీ పప్పు. మజ్జిగ మాత్రం రాదు. బంతిలో ఒక్కరు తింటున్నా మిగతావాళ్లు లేవకూడదు కదా! ఆవిణ్ణి ఇంటికి తీసుకుపోదామని వెళ్లిన నా చేతికి ఎలా వచ్చిందో గాని నెయ్యి గిన్నె వచ్చింది. ఇంత మొండితనాన్ని ఇంత మర్యాదగా నడిపే మనిషిని నేనెక్కడా చూడలేదు. గర్వంగా అనిపించింది.

అంతలో గేటులోంచి మా ఆయన వచ్చారు. వెనక మేనేజరు. మీ అమ్మని లేపు, లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదని లోపల చెప్పారట. ఆ మాట మేనేజరు మా అందరికీ వినపడేలా మరోసారి అన్నాడు.

"లెగమ్మా," అన్నారు మా ఆయన.

ఆవిడ కొడుకు మొహం చూశారు. పొద్దున టిఫిన్ కూడా తినకుండా వచ్చావు కదరా అని, పక్కకి జరిగి ఒక విస్తరి వేశారు. కూర్చోమని మాత్రం అనలేదు.

ఆయన ఓసారి మేనేజరు వైపు చూశారు. తర్వాత బూట్లు విప్పి కూర్చున్నారు. నేను వడ్డించాను. నెయ్యి కాస్త ఒలికిపోయింది. అప్పటికి మిగతావాళ్లంతా తినడం అయిపోయి, ఎంగిలి చేతులు ఎండబెట్టుకుంటూ కూర్చున్నారు. సీఐ గారు వాచీ చూసుకుంటూ దగ్గరికొచ్చి, మా ఆయన్నే అడిగారు.

"ఇంక మజ్జిగేనాండీ?"

ఆయన తలెత్తలేదు.

"లేదండీ. నేనింకా పప్పులోనే ఉన్నాను."