కిట్‌కు కనిపించని రకం

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూలై నెలలో, తార్నాక పక్కనున్న మా విశ్వవిద్యాలయ క్యాంపస్‌లోని హెచ్‌ఎల్‌ఏ పరీక్షల ల్యాబ్‌కు నన్ను ఇన్‌చార్జిగా వేశారు. హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. నా పైన విభాగాధిపతిగా ఒక ప్రొఫెసర్, నా కింద ప్రాజెక్ట్ అసిస్టెంట్ రమ్య. ఆస్పత్రులు పంపే రక్త నమూనాలను పరీక్షించి, ఎవరి ఎముక మజ్జ ఎవరికి సరిపోతుందో రిపోర్టు ఇవ్వడం మా పని. దాని మీద సంతకం నాది.

హెచ్‌ఎల్‌ఏ అనేవి రోగనిరోధక వ్యవస్థకు చెందిన జన్యువులు. ఒంట్లోకి చొరబడిన క్రిముల ముక్కలను రక్షణ కణాలకు పట్టి చూపించే ప్రోటీన్లు వీటి నుంచే తయారవుతాయి. ఒక్కో జన్యువుకు మనుషుల్లో లెక్కలేనన్ని రకాలుంటాయి; వాటిని అంకెలతో గుర్తిస్తాం. ఒక రకానికి చిక్కని క్రిమి మరో రకానికి చిక్కుతుంది కాబట్టి, ఒకే జబ్బుకు అందరూ ఒకేలా లొంగిపోరు. అయితే మజ్జ మార్పిడికి వచ్చేసరికి ఈ వైవిధ్యమే అడ్డం. రకాలు కలవకపోతే దాత కణాలు రోగి ఒంటి మీదే దాడి చేస్తాయి. పిల్లలకు ప్రతి జన్యువులోనూ తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఒక రకం వస్తాయి. అందుకే ముందుగా తోబుట్టువులను పరీక్షిస్తాం.

నేను చేరిన రెండో నెలలో మౌనిక అనే అమ్మాయి నమూనా వచ్చింది. పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. మజ్జ రక్తం తయారుచేయడం దాదాపు మానేసింది. తండ్రి యాదయ్య ముషీరాబాద్‌లో టింబర్ డిపోలో పనిచేస్తాడు. తల్లి అండాలు. పెళ్లయిన అక్క సరిత, డిగ్రీ చదివే అన్న శ్రీకాంత్ ఉన్నారు. మేం చూసే మూడు జన్యువుల్లోనూ శ్రీకాంత్ చెల్లెలితో కలిశాడు. సరిత కలవలేదు.

మూడో జన్యువులో మాత్రం అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒక్క పదిహేనో రకమే కనిపించింది. మామూలుగా రెండు కనిపించాలి. దగ్గరి సంబంధాల్లో రెండు వైపుల నుంచీ ఒకే రకం రావచ్చు. అండాలును అడిగితే, "ఆయన మా మేనత్త కొడుకే మేడం" అన్నది. ఆ జవాబుతో నా అనుమానం తీరిపోయింది. నిబంధన ప్రకారం కొత్తగా రక్తం తీసి రెండోసారి పరీక్షించాం. అదే ఫలితం. సంతకం పెట్టాను. ఆస్పత్రివారు మౌనికకు బెడ్ ఇచ్చి, సోమవారం నుంచి మందులు మొదలుపెడతామన్నారు. దాత మజ్జకు చోటు చేయడానికి అవి ఉన్న కాస్త మజ్జనూ చంపేస్తాయి. ఒకసారి మొదలుపెడితే వెనక్కి రావడం ఉండదు.

నిజానికి తల్లిదండ్రుల నమూనాలు కూడా రిపోర్టుకు ముందే చూడాలి. యాదయ్యకు సెలవు దొరకక ఆ గురువారం గానీ రాలేదు. సరిపోలిక తేలిపోయింది కదా, ఇది ఫైలు కోసమే అనుకున్నాను. శుక్రవారం పొద్దున రమ్య ఫలితాల కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మూడో జన్యువులో యాదయ్యకు పదిహేను ఒక్కటే. అండాలుకు పదిహేను, ఏడు. సరితకు ఏడు ఒక్కటే.

"మేడం, తండ్రికి పదిహేనే ఉన్నదంటే బిడ్డకు అది రావాలె గద," అన్నది రమ్య. గొంతు తగ్గించి, "సరితకు ఈయన నాయన కాదేమో" అన్నది.

లేచి తలుపు వేశాను. అలాంటి ఫలితం ఎదురైతే బయటికి చెప్పకూడదన్నది మా నియమం. సరిత దాత కాదు కనుక కాగితం ఫైలులో పెట్టి ఊరుకోవచ్చు కూడా. కానీ అప్పుడే ఇంకో సంగతి తోచింది. పరీక్షకు మేం వాడే రెడీమేడ్ కిట్ తెలిసిన రకాలను మాత్రమే పట్టుకుంటుంది. దాన్ని తయారుచేసింది ఎక్కడో, ఎవరి రక్తాలనో చూసి. యాదయ్యకు ఉన్న రెండో రకం కిట్‌కు కనిపించనిదైతే, సరితకు వచ్చింది అదే అయివుండాలి. అప్పుడు శ్రీకాంత్‌కు కూడా వచ్చి ఉండవచ్చు. మౌనికకు నిజంగా రెండూ పదిహేనులే అయి, అన్నకు ఒకటి పదిహేను, ఒకటి కనిపించనిది అయితే, నేను సంతకం పెట్టిన సరిపోలిక అబద్ధం.

దీన్ని తేల్చాలంటే జన్యువును అక్షరం అక్షరంగా చదివే పరీక్ష చేయాలి. ఆ సౌకర్యం తార్నాకలో ఒక పరిశోధన సంస్థలో ఉంది. ఫోన్ చేస్తే మంగళవారానికి గానీ ఫలితం రాదన్నారు.

ప్రొఫెసర్ గారు రుజువు లేకుండా రిపోర్టు వెనక్కి తీసుకుంటే ల్యాబ్ పరువు పోతుందని, ఆస్పత్రికి నోటిమాటగా చెప్పి చూడమని అన్నారు. డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన కోపగించుకోలేదు. అమ్మాయికి తెల్లకణాలు పడిపోతున్నాయని, రోజు గడిచేకొద్దీ ఇన్ఫెక్షన్ ప్రమాదమని, నోటిమాట మీద ఆపలేనని చెప్పారు. మధ్యాహ్నం దాకా ఆలోచించి, "నా రిపోర్టును తాత్కాలికంగా ఉపసంహరించుకుంటున్నాను" అని రాసి, సంతకం చేసి ఆస్పత్రికి పంపాను. వాళ్లు సోమవారం మందులు వాయిదా వేశారు.

సాయంత్రం కుటుంబాన్ని మళ్లీ రక్తం కోసం పిలిపించాం. యాదయ్య చొక్కా మీద ఇంకా రంపప్పొట్టు ఉంది.

"మల్లెందుకు మేడం రక్తం? నిన్ననే ఇచ్చిన గద. సోమవారం షురూ చేస్తమన్నరు."

"మా పరీక్ష మీద మాకే అనుమానం వచ్చింది. తప్పు మాదే కావచ్చు," అన్నాను.

"తప్పంటే ఏంది? మా పోరగాడు ఇయ్యరాదా?"

మంగళవారం చెప్తానన్నాను. సరిత వంతు వచ్చినప్పుడు నేను తల్లి ముఖం వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను. తరువాత ఐస్ డబ్బాలో ట్యూబులు పెట్టుకుని ఆటోలో నేనే తార్నాక వెళ్లాను.

ఆదివారం మౌనికకు జ్వరం వచ్చిందని ఆస్పత్రి నుంచి తెలిసింది. సోమవారం ఊపిరితిత్తుల్లో బూజు ఇన్ఫెక్షన్ చేరిందన్నారు. నా అనుమానం తప్పయితే, ఆ జ్వరానికి కారణం నా ఉత్తరమే. ఆ రెండు రోజులు అన్నం సహించలేదు. మెట్రో స్టేషన్ కింద నుంచి నడుస్తూ ఎక్కడ రోడ్డు దాటానో గుర్తులేదు.

మంగళవారం పదకొండు గంటలకు ఫలితం వచ్చింది. యాదయ్యకు రెండో రకం ఉంది. కిట్‌లోని రసాయనం అతుక్కోవలసిన చోటే దానిలో మార్పు ఉంది. అదే సరితకు వచ్చింది, శ్రీకాంత్‌కూ వచ్చింది. మౌనికకు రాలేదు. తండ్రి తండ్రే. అన్న మాత్రం సరిపోడు.

ఆ మాట నేనే వెళ్లి చెప్పాను. యాదయ్య, "మరి ఎవరిది ఎక్కుతది మేడం?" అన్నాడు. ఆ ప్రశ్న పట్టుకునే మూడు తరాల వంశవృక్షం గీశాం. ఆ ఇంట్లో మేనరికాలు చాలా జరిగాయి కనుక, బయటివారికన్నా బంధువుల్లో సరిపోయేవారు ఉండే అవకాశం ఎక్కువ. అండాలు అన్న కూతురు అన్ని జన్యువుల్లోనూ కలిసింది. ఈసారి అక్షరాలన్నీ చదివించాకే సంతకం పెట్టాను. బూజు తగ్గాక, ఏడు వారాలు ఆలస్యంగా మార్పిడి జరిగింది. మౌనిక బతికింది. కుడి ఊపిరితిత్తి కొంత పాడైంది. మెట్లు ఆగి ఆగి ఎక్కుతుంది. ఆ శుక్రవారం మా గదిలో ఏమనుకున్నామో ఆ కుటుంబానికి నేటికీ తెలియదు.

ఒకే కిట్‌తో రెండుసార్లు చేసినది రెండు పరీక్షల కింద లెక్క కాదని అప్పుడు తెలుసుకున్నాను. ఒక్క రకమే కనిపించినప్పుడు 'ఒకటే ఉంది' అని కాక 'రెండోది కనిపించలేదు' అని రాయడం మా ల్యాబ్‌లో నియమం చేశాను. ఆ ఏడాదంతా, అంతకుముందు ఒక్క రకంతో వెళ్లిన రిపోర్టులు తీసి, నిల్వ ఉన్న నమూనాలన్నీ మళ్లీ చదివించాం. అవి సరిగానే ఉన్నాయి. కొన్నింటికి నమూనాలు మిగల్లేదు. వాటి గురించి నేనేమీ చెప్పలేను.