రెండో మలుపు దగ్గర నీళ్లు

సినిమావాళ్లు గుమ్మంలో నిలబడగానే వాలెంటి మామయ్య కుర్చీ అయినా చూపించకుండా అడిగేశాడు.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండీ. స్పీడ్‌వే మీద డాక్యుమెంటరీ తీస్తున్నాం. మీలాంటి పాతవాళ్ల మాటలు కావాలి," అంది కింగా. వార్సా నుంచి వచ్చిన అమ్మాయి, ముప్ఫై ఏళ్లుంటాయేమో.

"పాతవాళ్లు ఊరంతా ఉన్నారు. నా గుమ్మమే ఎందుకు తొక్కారు?"

ఆమె నా వంక చూసింది. మామయ్య మా అమ్మకి తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారాలు నేనే భోజనం తీసుకెళ్లేదాన్ని. ఆ రోజు ఉడికించిన బంగాళదుంపలూ ఉల్లికాడలు కలిపిన పనీరూ పట్టుకెళ్లి ఆ మాటల మధ్య ఇరుక్కున్నాను. అది 2006 ఏప్రిల్.

పోలండ్‌లో లెష్నో పట్నానికి అరగంట దూరంలో ఉన్న మా ఊళ్లో ఆదివారమంటే పొద్దున చర్చి, మధ్యాహ్నం స్టేడియం. బ్రేకుల్లేని మోటారుసైకిళ్ల మీద నలుగురు నాలుగు చుట్లు తిరుగుతారు. నిమిషంలో తేలిపోతుంది. ఇంజన్లలో పోసే ఆముదం మాడిన వాసన మాత్రం మర్నాటిదాకా బట్టల్ని వదలదు. ముప్ఫై నాలుగేళ్లు ఆ ట్రాక్ మట్టిని దంతెతో సర్ది, నీళ్లు చల్లి, చదును చేసింది మామయ్యే.

1979లో ఓ పోటీలో అవతలి జట్టు కుర్రాడు బెర్నార్ద్ క్లిమెక్ రెండో మలుపులో జారి కంచెకి గుద్దుకున్నాడు. వెన్ను విరిగింది. ఇరవై రెండేళ్లవాడు మళ్లీ లేచి నడవలేదు. విచారణకొచ్చినవాళ్లు ప్రమాదమని రాసి వెళ్లిపోయారు. ఊరు మాత్రం వేరేగా గుసగుసలాడింది. విరామంలో వాలెంటి కావాలని మలుపు తడిపాడనీ, ఆ జారుడు మనవాళ్లకి అలవాటే గాని బయటివాళ్లకి తెలియదనీ. ఎదురుగా అడిగిన వాడు ఒక్కడూ లేడు. మామయ్య బీరు కొట్లోకి వెళ్తే మాటలు ఆగేవి. ఎవరు నవ్వినా తన గురించేననుకునేవాడు. అనుమానాన్ని భరించీ భరించీ చివరికి అందర్నీ అనుమానించడం నేర్చుకున్నాడు.

కింగాని పంపించేస్తాడనుకున్నాను. పంపలేదు. వారం రోజులు ఆమె వెంట ట్రాక్ అంతా తిరిగాడు, ఏది అడిగితే అది చెప్పాడు.

"ఇదేంటి మామయ్యా, ఇంత సరదా పుట్టుకొచ్చింది?" అన్నాను.

"సరదానా నా మొహమా! దానికెంత తెలుసో నాకు తెలియాలి."

జూన్‌లో క్లబ్బు హాల్లో సగం తయారైన సినిమా వేసి చూపించారు. పదిహేను మందిమి ఉన్నాం. క్లబ్బు అధ్యక్షుడు ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద పసుపుపచ్చ ట్యాంకరొకటి మలుపులో నీళ్లు చిమ్ముకుంటూ మెల్లగా వెళ్లింది. తర్వాత కంచె మీద పడి ఉన్న బండి ఫోటో. ఆ తర్వాత దంతె పట్టుకున్న మామయ్య చేతులు. ఒక్క మాట లేదు. మాటెందుకు? హాల్లో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

మామయ్య లేచాడు.

"ఆపండి. ఆ ట్యాంకర్ ఏ ఏడాదిది?"

కింగా తడబడింది. "పాత రీళ్లలో దొరికిందండీ..."

"అది క్లబ్బుకొచ్చింది ఎనభై మూడులో. పిల్లాడు పడింది డెబ్బై తొమ్మిదిలో. నాలుగేళ్ల తర్వాత పోసిన నీళ్లకి ముందే జారాడా వాడు?"

హాలంతా గొల్లున నవ్వింది. కింగా మొహం కందిపోయింది. "అప్పటి వాతావరణం తెలియడానికి పెట్టానండీ. తప్పే. తీసేస్తాను," అంది.

అధ్యక్షుడు మామయ్య భుజం తట్టాడు. "శభాష్ వాలెంటీ! ఇన్నేళ్ల పీడ ఇవాళ్టితో వదిలింది."

మామయ్య ఆ చేతిని మెల్లగా తీసేశాడు. వీధిలోకొచ్చాక నా భుజం పట్టుకుని నిలబడిపోయాడు.

"లుత్సినా, కారు తియ్యి. క్లిమెక్ ఇంటికి పోదాం."

"ఎందుకు? గెలిచావుగా!"

"ట్యాంకర్ అబద్ధం. నీళ్లు అబద్ధం కాదు."

అరవై కిలోమీటర్లు. దారంతా నాకు ఒకటే గుబులు. ఆ కింగాయే ఏదో వల పన్ని ఈయన్ని ఇటు తోస్తోందా? అద్దంలో వెనక బళ్లని చూస్తూనే నడిపాను.

చక్రాల కుర్చీలో వచ్చి తలుపు తీసిన క్లిమెక్ ముందు మా భుజాల మీదుగా వీధిలోకి చూశాడు.

"ఆ సినిమా అమ్మాయి మళ్లీ వచ్చిందా? కెమెరా ఎక్కడ దాచారు?"

"లేదు బాబూ. నేను వాలెంటిని. ట్రాక్ వాణ్ణి."

"తెలుసు."

"విరామంలో రెండో మలుపు లోపలి వైపు తడపమని మా జట్టు మేనేజర్ చెప్పాడు. ఇప్పటికే ఎక్కువైందన్నాను. ఈ పని నీకు ఉండాలా వద్దా అన్నాడు. ట్రాక్ పక్కనున్న ఫైరింజన్ పైపు అటు తిప్పాను. ఈ చేత్తోనే."

క్లిమెక్ ఆ చేతి వంక చూశాడు.

"ఇరవై ఏడేళ్లు ఆగి వచ్చావు. సినిమా వస్తోందనేగా?"

"అవును. అది రాకపోతే వచ్చేవాణ్ణి కాదు."

"ఆ మాటొక్కటీ నమ్ముతాను." కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు గాని లోపలికి రమ్మనలేదు. "ఎంతసేపు పోశావు?"

"రెండు నిమిషాలు."

"నేను పది అనుకున్నాను. రోజూ అదే అనుకున్నాను." తలుపు మీద చెయ్యి వేశాడు. "తడిగా ఉందని నాకూ కనబడింది. అయినా యాక్సిలరేటర్ వదల్లేదు. అది కూడా ఆ అమ్మాయికి చెప్పు. ఇక వెళ్లండి."

మర్నాడు మామయ్య కింగాని పిలిచి అంతా కెమెరా ముందు చెప్పాడు. క్లిమెక్ మాట కూడా చెప్పాడు. సినిమాలో అది ఒకటిన్నర నిమిషం వచ్చింది. చనిపోయిన ఆ మేనేజర్ కొడుకు మా వీధిలో నడవడం మానేశాడు. క్లబ్బు గోడ మీది పాత ఉద్యోగుల ఫోటోల్లోంచి మామయ్యది తీసేశారు. బీరు కొట్లో మాత్రం ఇప్పుడు ఆయన్ని మొహం మీదే తిడుతున్నారు. అదే నయమంటాడు.

నన్నే ఇంకా ఒకటి తొలుస్తుండేది. ఒకరోజు గ్లాసులో టీ పోసిస్తూ అడిగేశాను.

"మామయ్యా, నిజంగా రెండే నిమిషాలా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"గడియారం చూడలేదమ్మాయ్," అన్నాడు.

ఆ ఏడాది శరదృతువులో మళ్లీ ఒక్కడే బస్సెక్కి క్లిమెక్ ఇంటికి వెళ్లాడు, ఆ మాట చెప్పడానికి. ఈసారి లోపలికి రానిచ్చాడట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.