వంకాయపూలకు వెళ్ళిన గురువారం

ఫిచిత్ పట్టణంలో బౌద్ధ విహారం గేటుకు ఎదురుగా ఉన్న పూలదుకాణం లమై అనే ఆవిడది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె ఒకే ఎత్తుపీట మీద కూర్చుని జానెడు సూదితో మల్లెమొగ్గలు గుచ్చుతోంది. ఏ రోజుకు ఎన్ని మొగ్గలు తెప్పించాలో, ఎవరి దండ ఎప్పటికి అందాలో అంతా ఆమె తలలోనే ఉండేది. ఆ తలకు ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. నిరుడు, పిల్లలు టీచర్లకు పూలతో మొక్కే గురువందనం నాడు బాలికల పాఠశాలకు అందాల్సిన పూలపళ్ళేలు గంట ఆలస్యమయ్యాయి. పిల్లలు వట్టి చేతులతో ఎండలో బారులు తీరి నిలబడ్డారు. ప్రధానోపాధ్యాయిని కోప్పడలేదు. ఈసారి ఉదయం ఆరున్నర దాటితే పని బస్టాండు దగ్గరి కొత్త దుకాణానికి ఇస్తామని మాత్రం మెత్తగా చెప్పి వెళ్ళింది. ఆ పాఠశాల చేజారితే, తన దగ్గర దండలు గుచ్చే నలుగురు ఆడవాళ్ళలో ఇద్దరిని ఇంటికి పంపేయాల్సి వస్తుందని లమైకి తెలుసు.

అందుకే, ఆయుత్తయలో ఒక కర్మాగారపు ప్రణాళికా విభాగంలో ఐదేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన చెల్లెలి కూతురు ఫాయ్ దుకాణాన్ని చక్కబెడతానంటే ఆమె సంతోషంగా ఒప్పుకుంది. ఫాయ్ గోడకు తెల్లబోర్డు బిగించింది. మొగ్గల పెట్టె ఎన్నింటికి దిగాలి, ఏ దండ ఎవరు గుచ్చాలి, మంచు ఎప్పుడు మార్చాలి, అన్నీ గళ్ళు గీసి రాసింది. మూడు నెలల్లో వాడి పారబోసే పూలు సగానికి తగ్గాయి. ఆడవాళ్ళు మధ్యాహ్నం కూర్చుని వేడి అన్నం తినగలిగారు. ఈ మార్పును లమై కళ్ళారా చూసింది. వచ్చినవాళ్ళందరికీ బోర్డు చూపించి మురిసిపోయింది.

ఒక్క చోట మాత్రం ఫాయ్ కలం ఆగింది. పున్నమికి, అమావాస్యకు, రెండు అష్టములకు దుకాణం నుంచి పన్నెండు దండలు లెక్కలోకి రాకుండా బయటికి వెళ్తున్నాయి. ఎవరికని అడిగితే, ఊరికే చుట్టుపక్కల వాళ్ళకని లమై నసిగింది.

"ఊరికే అనే గడి నా బోర్డులో లేదు పెద్దమ్మా," అంది ఫాయ్ నవ్వుతూ.

లమై కూడా నవ్వేసి, ఆ పన్నెండూ మానేసింది. అసలు సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. గురువందనపు పళ్ళెంలో నూరువరహాల పూలు, గరికతో పాటు వంకాయపూలు ఉండి తీరాలి. అవి ఏ పూల అంగడిలోనూ దొరకవు. ఆ తెల్లవారే పెరళ్ళలో కోసుకోవాలి. నది ఒడ్డున పన్నెండు ఇళ్ళవాళ్ళు ఆమె కోసం ప్రతి ఏటా నాలుగేసి వంగమొక్కలు పూతకు వదిలేసేవారు. బదులుగా వాళ్ళ ఇళ్ళలో బుద్ధుడి ముందుకు ఆమె దండ వెళ్ళేది. రాతలేని, సాక్షులు లేని ఒప్పందం అది. ఏ న్యాయస్థానమూ దాన్ని చెల్లనివ్వదు. అయినా అప్పటిదాకా ఏ పక్షమూ దాన్ని మీరలేదు. పెరళ్ళలో అడుక్కొచ్చే పూల మాట చదువుకున్న పిల్లకు చెప్పడమేమిటని లమై సిగ్గుపడింది. పైగా బోర్డు మీద 'వంకాయపూలు రెండు వందలు, బుధవారం మూడింటికి' అని చూసి, ఈ పిల్ల ఏదో దారి కనిపెట్టిందనే నమ్మింది.

ఫాయ్ ఒక కూరగాయల తోటవాడితో మాట్లాడుకుని, పూలన్నీ ఒకే బండిలో వచ్చేలా చేసింది. బుధవారం సరిగ్గా మూడింటికి పెట్టె దిగింది. మూత తీస్తే మంచు మధ్య వంకాయపూలు అంచులు నల్లబడి ముడుచుకుపోయి ఉన్నాయి.

"పూలే చేతులు జోడించేశాయి. ఇక పిల్లలు దండం పెట్టక్కర్లేదులే," అంది దండలు గుచ్చే బాంగ్‌ఒన్. ఎవరూ నవ్వలేదు.

ఫాయ్ పూలు ఏరి చూసింది, ఒక్కటీ పనికొచ్చేలా లేదు. ఊదారంగు ఆర్కిడ్లు పెట్టేద్దామంది. లమై తల అడ్డంగా ఊపింది.

"అది తల వంచే పువ్వు కాదమ్మా. గురువు ముందు పెట్టేది తల వంచాలి."

అప్పుడు చెప్పింది పన్నెండు ఇళ్ళ సంగతి, సూది మీంచి కళ్ళెత్తకుండా. ఫాయ్ మొగ్గలు ముందేసుకుని దండలు గుచ్చడం మొదలుపెట్టింది. పన్నెండు పూర్తయ్యేసరికి లమై ఆమె చేయి పట్టుకుంది.

"రేపు ఇవి పట్టుకెళ్తే పూలు కొన్నట్టు అవుతుంది. వట్టి చేతులతో వెళ్ళి అడుగుదాం. ఇవ్వకపోతే అది వాళ్ళ హక్కు."

"నేనూ వస్తాను. దండలు ఆపింది నేను."

గురువందనం రోజైన గురువారం తెల్లవారకముందే ఇద్దరూ నది ఒడ్డున ఉన్నారు. మొదటి ఇల్లు పడవలు బాగుచేసే చువ అనే ముసలాయనది. ఆయన మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ లమైని పైనుంచి కిందికి చూశాడు.

"బతికే ఉన్నావూ? దండ రావడం మానేస్తే, నేనే పోయానేమో, ఎవరూ నాకు చెప్పలేదేమో అనుకున్నా."

లమై ముందే కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయింది. ఫాయ్ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది. దండలు ఆపమన్నది తానేనని, ఎందుకు వెళ్తున్నాయో తెలుసుకోకుండా ఆపానని చెప్పింది. ఇవాళ ఆరున్నరకు బడికి పళ్ళేలు అందకపోతే దండలు గుచ్చేవాళ్ళలో ఇద్దరి పని పోతుందని కూడా దాచకుండా చెప్పింది.

"ఈ పిల్లకు కోయడం వచ్చా?" అని లమైని అడిగాడు ముసలాయన.

"రాదు బాబాయ్."

ఆయన లేచి పెరట్లోకి నడిచాడు. తొడిమను ఎంత పొడవు ఉంచాలో, ముల్లు గుచ్చుకోకుండా వేళ్ళు ఎక్కడ పెట్టాలో గొణుగుతూ చూపించాడు. ఇరవై నాలుగు పూలు లెక్కపెట్టి ఇచ్చి, పక్కింటి గోడ మీదుగా వీళ్ళు వస్తున్నారని కేకేశాడు.

అన్ని ఇళ్ళూ అలా లేవు. ఒక ఇంట్లో ఎవరూ లేచి తలుపు తీయలేదు. ఐదో ఇంటామె వంగమొక్కలు పీకేసి మిరప వేసుకుంది. నువ్వు రావట్లేదు కదా, నీకు అక్కర్లేదనుకున్నానని మామూలుగా అంది. ఆమె గొంతులో కోపం లేదు. అదే లమైని బాధించింది. సంజాయిషీ చెప్పకుండా మిరపనారు బాగుందని మెచ్చుకుని బయటికొచ్చింది.

పన్నెండు గుమ్మాలూ తిరిగేసరికి బుట్టలో నూట యాభై ఆరు పూలు తేలాయి. తరగతికొకటి చొప్పున ఇరవై రెండు పళ్ళేలు. తొమ్మిదేసి పెట్టాలని బోర్డు మీద ఉంది. ఫాయ్ నడుస్తూనే ఏడేసి చాలునని తేల్చింది, లమై సరేనంది. మిగతా అలంకరణ ముందురోజే పూర్తయింది. ఆరుగురూ కలిసి పూలు గుచ్చితే పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

మూడు చక్రాల బండి పాఠశాల గేటు దాటేసరికి ఆరు ఇరవై ఏడు. ప్రధానోపాధ్యాయిని చేతి గడియారం చూసుకుంది. పళ్ళేలన్నీ లెక్కపెట్టింది. చివరి పళ్ళెం దగ్గర వంగి, ఇంకా తడి ఆరని వంకాయపువ్వును వేలికొసతో తాకింది.

"ఇంత తాజావి ఎక్కడ కొన్నారు?"

లమై చెల్లెలి కూతురి వైపు చూసింది. ఫాయ్ వేళ్ళ మీద ముళ్ళ గీతలు ఎర్రగా ఉన్నాయి.

"కొనలేదు టీచర్," అంది ఫాయ్. "అడిగి తెచ్చుకున్నాం."

ఆ పెద్దావిడ తల పంకించి, వచ్చే ఏడు రెండు తరగతులు పెరుగుతాయని, పళ్ళేలు ఇరవై నాలుగు కావాలని చెప్పి పిల్లల వైపు వెళ్ళిపోయింది.