తేదీ లేని నోటీసు

ఊళ్లో సగం గోడలకు ఆయన చేతి జిగురు అంటింది. అందుకే ఆయన అందరికీ జిగురు బాబాయి. అక్రమ కట్టడాలకు మున్సిపల్ ఆఫీసు ఇచ్చే నోటీసును యజమాని తీసుకోకపోతే గోడకు అంటించి రావడం ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం. అంటించిన రోజు నుంచి వారం గడువు; ఆ తర్వాత ఖాళీ చేయించవచ్చు. అంటించినవాడే తేదీ వేయాలని నిబంధన. కానీ ఆఫీసువాళ్లు ఆయన చేత వేయించింది రేకుల ఇళ్లకే. మేడల నోటీసుల మీద ఆ గడి ఖాళీగానే ఉండేది. తేదీ లేకపోతే గడువు మొదలే కాదు. పేదవాడికి బుల్డోజరు, పెద్దవాడికి ఖాళీ గడి!

ఆ రోజు నోటీసు మూడంతస్తులకు అనుమతి తీసుకుని ఐదు వేసిన భవనానికి. ఐదో అంతస్తులో ఆయన చెల్లెలు అద్దెకుంటోంది.

"తేదీ నేను చూసుకుంటాలే, నువ్వు ఊరికే అంటించి రా బాబాయ్," అన్నాడు ఆఫీసులో గుమాస్తా.

బాబాయి ఆ భవనం మెట్ల దగ్గర కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. స్తంభం మీద పోయిన నెల వెంట్రుకంత ఉన్న పగుల్లో ఇప్పుడు వేలు దూరుతోంది. చెల్లెలు దిగొచ్చింది.

"మా కొంపకే తెచ్చావా అన్నయ్యా? నెలాఖరు దాకా ఆగు. పిల్లకి పరీక్షలు. ఓనరు సిమెంటు పూయిస్తానన్నాడుగా."

"పూస్తే పగులు కనపడదు గాని, పోతుందా తల్లీ?"

"నీతులు నాకా! కట్టినవాడు హాయిగా వేరే వీధిలో ఉన్నాడు. రోడ్డున పడేది మేం."

ఆయన పెన్ను తీశాడు, జేబులో పెట్టాడు, మళ్లీ తీశాడు. తేదీ వేసి, నోటీసు అంటించి, ఫొటో తీసి పై అధికారికి పంపాడు.

కాసేపటికే గుమాస్తా ఫోన్.

"ఎంత పని చేశావ్ బాబాయ్! ఓనరు నా ప్రాణం తీస్తాడు."

"ఆయన నీ ఒక్కడి ప్రాణమే తీస్తాడు. ఈ స్తంభం ముప్పై మందివి తీస్తుంది."

చెల్లెలు పగుల్లో వేలు పెట్టి చూసి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"వారం గడువు మీ కాగితానికి. నేను ఇవాళ ఇక్కడ పడుకోను. పైకొచ్చి బీరువా పట్టు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, మీ ఇంటికే. వదినకి నువ్వే చెప్పుకో."

ఆయన ప్రతి అంతస్తులోనూ తలుపులు తట్టుకుంటూ పైకెక్కాడు.