మూల తొంభై కాదు

ఏడో తరగతి పిల్లలకి పూరక కోణాలు ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. రెండు కోణాలు కలిపితే తొంభై డిగ్రీలు రావాలి, అంతే. ఒకటి తెలిస్తే రెండోది దానంతటదే తెలుస్తుంది. ఇంత సులువైన లెక్క మా నాన్న పని పోగొట్టింది. తప్పు లెక్కది కాదు, నా నోటిది.

నాన్న వడ్రంగి. రెడీమేడ్ కప్‌బోర్డులు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అలాంటప్పుడు పటమటలో ఒకాయన, గది మూలకి రెండు గోడల వెంటా కలిసేలా షెల్ఫ్ చేయమన్నారు. అది నచ్చితే వంటగది పనంతా నాన్నకే అన్నారు. ఆ మాట నాన్న ఇంట్లో నాలుగుసార్లు చెప్పాడు.

ఆదివారం కదా అని నేనూ వెళ్లాను. నాన్న పాత కేలండర్ కాగితం మూలలో పరిచి, గోడల వెంట గీసి, కత్తిరించి, సరిగ్గా మధ్యకి మడవబోయాడు. ఆ మడతని బట్టే రెండు చెక్కల చివర్లూ ఏటవాలుగా కోస్తాడు. ఇంటాయన పక్కనే నిలబడి చూస్తున్నారు. నాకు నామోషీ అనిపించింది.

“ఇంకా ఈ కాగితాలేంటి నాన్నా? మూలంటే తొంభై. చెరి నలభై ఐదు కొయ్యి, సరిపోద్ది,” అన్నాను.

నాన్న నా వంక చూసి, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

చెక్కలు బిగించాక ముందువైపు వేలు దూరేంత సందు మిగిలింది. ఆ వీధి వంకర, స్థలం వంకర, గోడా వంకరే. మూల తొంభై నాలుగని ఇంటికొచ్చి ఆ కాగితం కొలిచాక తెలిసింది. మడిచి ఉంటే చెరి నలభై ఏడు వచ్చేది.

“చెయ్యి తప్పిందండి, నాదే పొరపాటు. చెక్క మార్చేస్తానండి,” అన్నాడు నాన్న ఇంటాయనతో. నేను నోరు మెదపలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వంటగది పని ఇంకొకరికి ఇస్తామని ఆయన అక్కడే చెప్పేశారు.

దారిలో అడిగాను, “నీకు ముందే అనుమానం వచ్చిందా?”

“వచ్చింది. పంతులమ్మవి, పరాయాళ్ల ముందు నీ మాట కాదంటానా?”

మర్నాడు బడి అయ్యాక ఒక్కదాన్నే ఆ ఇంటికి వెళ్లి, తప్పు నాదని చెప్పాను. ఇంటాయన నవ్వారు.

“మీ నాన్నగారు పొద్దున్నే వచ్చి చెక్క మార్చేసి వెళ్లారమ్మా. మా అమ్మాయి వచ్చి తప్పు తనదంటది, నమ్మమాకండి అన్నారు.”